ఇండికేటర్ రాశాడు సరే, మూడు లక్షలు ఇవ్వాలా?

ప్రశ్న: మా అబ్బాయి విశాఖలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. అమెరికాలో మాంద్యం వచ్చే అవకాశం ఎంతో చూపించే ఇండికేటర్‌ను, అంటే చార్ట్ మీద లెక్క గీసి చూపే చిన్న ప్రోగ్రామ్‌ను, ట్రేడింగ్‌వ్యూ అనే చార్టుల వెబ్‌సైట్‌లో రాశాడు. 2008 మాంద్యాన్ని ముందే పసిగట్టిందంటూ చార్ట్ చూపించాడు. ప్లేస్‌మెంట్స్ వద్దట, ట్రేడింగే చేస్తాడట, మూడు లక్షలు ఇమ్మంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: డబ్బు ఇవ్వకండి. కోడ్ రాయడం మాత్రం మాన్పించకండి.

మీవాడు చేసింది ఆషామాషీ పని కాదండీ. అమెరికా ప్రభుత్వ పదేళ్ల బాండ్ వడ్డీలోంచి మూడు నెలల ట్రెజరీ బిల్లు వడ్డీ తీసేస్తే ఒక తేడా వస్తుంది. దాన్ని బట్టి, ఏడాది తర్వాత మాంద్యం ఉండే అవకాశాన్ని అక్కడి కేంద్ర బ్యాంకు వ్యవస్థలో భాగమైన న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు లెక్కగట్టి బయటపెడుతుంది. సూత్రం రహస్యమేమీ కాదు: ఆ తేడాను 0.6330తో హెచ్చవేసి, మైనస్ 0.5333లోంచి తీసేసి, వచ్చిన సంఖ్యను నార్మల్ డిస్ట్రిబ్యూషన్ (గంట ఆకారపు వక్రరేఖ) ఫంక్షన్‌లో వేస్తే అవకాశం శాతంగా వస్తుంది. చెప్పడానికి ఇంతే. చేయబోతే ట్రేడింగ్‌వ్యూ వాడే పైన్ స్క్రిప్ట్ భాషలో ఆ ఫంక్షన్ రెడీమేడ్‌గా దొరకదు, సొంతంగా రాసుకోవాలి. డేటా రోజువారీ వస్తుంది, లెక్కకు నెల సగటు కావాలి. వచ్చిన శాతాన్ని పన్నెండు నెలలు ముందుకు జరిపి గీయాలి. మూడో సంవత్సరంలోనే వీటన్నిటితో కుస్తీ పట్టాడంటే నాకు ముచ్చటేసింది.

చిక్కు ఆ చార్ట్‌తోనే. అందులో మాంద్యం కాలాన్ని చూపే బూడిద రంగు పట్టీ 2007 డిసెంబరులో మొదలవుతుంది. కానీ మాంద్యం అప్పుడు మొదలైందని మాంద్యాల తేదీలు తేల్చే అక్కడి పరిశోధన సంస్థ ఎన్‌బీఈఆర్ కమిటీ ప్రకటించింది 2008 డిసెంబరు 1న! అంటే ఏడాది పాటు ఆ పట్టీ ఎవరి స్క్రీన్ మీదా లేదు. మీవాడి కొనుగోలు, అమ్మకం రూల్స్ ఆ పట్టీని చూసి పెట్టుకున్నవైతే, కీ పేపర్ పక్కన పెట్టుకుని పరీక్ష రాసినట్టే.

ఇంకోటి. 2023లో ఇదే లెక్క 2024 మే నెలకు 70 శాతం దాటి చూపించింది. ఆ మాంద్యం రాలేదు. భయపడి అమ్ముకున్నవాళ్లు చూస్తుండగానే 2023లో అమెరికా ఎస్‌అండ్‌పీ 500 సూచీ 20 శాతానికి పైగా పెరిగింది. మన పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే పడవలు ఒడ్డుకు లాగుతారు గానీ, తుపాను ఎక్కడ ఏ గంటకు తీరం దాటుతుందో పందెం కాయరు కదా! పైగా ఇది అమెరికా లెక్క. మన షేర్ల సూచీ నిఫ్టీకి అతికిస్తే కుదరదు.

మూడు లక్షల సంగతి ఒక్క ముక్కలో: షేర్ల రేపటి ధరల మీద ఒప్పందాలైన ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనమే తేల్చింది.

మరి ఈ తెలివి ఎందుకు పనికొస్తుంది? బ్యాంకుల్లో రిస్క్ మోడలింగ్, అంటే నష్టం వచ్చే అవకాశాన్ని లెక్కగట్టే పని ఉంది, అక్కడ అడిగేది సరిగ్గా ఇదే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా దీన్నే పైథాన్‌లో మళ్లీ కట్టమనండి. 2009 వరకు ఉన్న డేటాతో మోడల్ తయారుచేసి, తర్వాతి సంవత్సరాల మీద పరీక్షించి, తప్పిన చోట్లు కూడా దాచకుండా రాయాలి. ఇంటర్వ్యూలో ఆ తప్పిన చోట్ల మీదే ప్రశ్నలు పడతాయి, అక్కడే మంచి మార్కులూ పడతాయి. పైచదువు కావాలంటే గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపర్ ఉంది. గణితం మీద మక్కువ ఉంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఎంస్టాట్ ప్రవేశ పరీక్ష రాయొచ్చు, కాకపోతే అది గట్టి పరీక్ష. ప్లేస్‌మెంట్స్‌కు మాత్రం కూర్చోవాల్సిందే.

ఈ ఆదివారం వాడి పక్కన కూర్చుని ఒక్కటి అడగండి: "రెండు వడ్డీల మధ్య తేడా సున్నా అయితే నీ ఇండికేటర్ ఎంత చూపిస్తుందిరా?" 30 శాతం దగ్గర అంటే లెక్క సరిపోయింది. 50 అన్నాడంటే ఆ 0.5333ను ఎక్కడో మర్చిపోయాడు.