భూమి సూర్యుడిలో ఎందుకు పడిపోదు?

సూర్యుడు అంత బలంగా లాగుతుంటే భూమి వెళ్లి అందులో ఎందుకు పడదు, గ్రహాలన్నీ ఒకే వైపు ఎందుకు తిరుగుతాయి అని మీ అమ్మాయి అడిగిందన్నారు. రెండు ప్రశ్నల మూలమూ ఒకటే. నేను చాలా ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను కనుక ముందుగా ఒక మనవి: తాడుకు రాయి కట్టి తిప్పే ఉదాహరణ మాత్రం చెప్పకండి. అది విన్న పిల్లల్లో ఎక్కువమంది, సూర్యుడు లోపలికి లాగుతుంటే మరేదో బలం భూమిని బయటికి నెడుతోందనీ, రెండూ సరిపోయి భూమి మధ్యలో నిలిచిందనీ పరీక్షలో రాసేవారు. బయటికి నెట్టేది ఏదీ లేదు. ఉన్నది సూర్యుడి ఆకర్షణ ఒక్కటే.

అసలు భూమి సూర్యుడి వైపు పడుతూనే ఉంది. లెక్క వేస్తే ఒక సెకనులో పడేది సుమారు 3 మిల్లీమీటర్లు. అదే సెకనులో పక్కకు దూసుకుపోయేది దాదాపు 30 కిలోమీటర్లు. ఆ 30 కిలోమీటర్లూ తిన్నగా పోతే భూమి సూర్యుడికి ఎంత ఎడంగా జరుగుతుందో పైథాగరస్ సూత్రంతో చూడమనండి, అదీ 3 మిల్లీమీటర్లే వస్తుంది. ఎడమైనంత మేరా పడుతోంది, కనుక దూరం మారకుండా ఉంటోంది. ఈ లెక్క బోర్డు మీద పూర్తయ్యాక నేను వేరే వివరణ ఇవ్వవలసిన పని ఉండేది కాదు.

ఆ పక్కవేగం ఉన్నంతకాలం సూర్యుడి దగ్గరికి పోవడమే కష్టం. 2018లో నాసా పంపిన పార్కర్ సోలార్ ప్రోబ్ అనే వ్యోమనౌక భూమి వేగంతోనే బయలుదేరింది. ఆ వేగాన్ని తగ్గించుకోవడానికి శుక్రుడి పక్కగా ఏడుసార్లు పోవలసి వచ్చింది. 2024 డిసెంబరులో సూర్యుడి ఉపరితలానికి సుమారు 61 లక్షల కిలోమీటర్ల దూరం దాకా వెళ్లగలిగింది.

దూరం మారదన్నాను గానీ, కొంచెం మారుతుంది. కక్ష్య పూర్తి వృత్తం కాదు. జనవరి మొదట్లో మనం సూర్యుడికి 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో, జులై మొదట్లో 15.21 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాం. (దగ్గరున్నప్పుడు చలేమిటని అడుగుతుంది, రుతువులకు కారణం భూమి అక్షం వంపు, దూరం కాదు.) దగ్గరగా ఉన్నప్పుడు భూమి వేగం ఎక్కువ. దీనికి రుజువు మీ ఇంట్లో పంచాంగంలోనే ఉంది. తరగతిలో పిల్లల చేత పంచాంగం తెప్పించి, ఒక సంక్రమణం నుంచి మరో సంక్రమణానికి రోజులు లెక్కపెట్టించేవాణ్ని. సంక్రమణమంటే సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశిలోకి మారినట్టు కనిపించే రోజు; అలా కనిపించేది భూమి కదలిక వల్లే. ప్రతి రాశీ 30 డిగ్రీలే. అయినా డిసెంబరు మధ్యలో మొదలై సంక్రాంతితో ముగిసే ధనుర్మాసం 29 రోజుల పైచిలుకు, జూన్ మధ్యలో మొదలయ్యే మిథున మాసం 31 రోజులు దాటుతుంది. దగ్గరైతే వేగం పెరుగుతుందని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1609లో ప్రకటించిన ఈ సూత్రం క్యాలెండరులో వేలితో చూపించవచ్చు.

ఇంతకీ ఆ పక్కవేగం ఎక్కడిది? సుమారు 456 కోట్ల సంవత్సరాల కిందట ఒక పెద్ద వాయు ధూళి మేఘంలో కొంత భాగం తన బరువుకు తానే కుంగడం మొదలైంది. అది అప్పటికే చాలా నెమ్మదిగా తిరుగుతోంది. కుంగే కొద్దీ తిరిగే వేగం పెరిగింది. పైకీ కిందికీ పోయే రేణువులు ఒకదానితో ఒకటి ఢీకొని ఆ కదలికను పోగొట్టుకున్నాయి; చుట్టూ తిరిగే కదలిక మాత్రం మిగిలింది. మేఘం పలుచని చక్రమైంది. పదార్థంలో 99.8 శాతం పైగా మధ్యకు చేరి సూర్యుడైంది. తగినంత పక్కవేగం లేనివి ఎప్పుడో సూర్యుడిలో కలిసిపోయాయి. ఇప్పుడు మనం చూస్తున్నవి పడకుండా మిగిలినవే! దగ్గరి వేడిలో రాయీ లోహమూ నిలిచి భూమిలాంటివి, దూరపు చలిలో మంచు కూడా తోడై గురుగ్రహం లాంటి పెద్దవి ఏర్పడ్డాయి. ఇది ఊహాచిత్రం కాదు. చిలీలోని ఆల్మా టెలిస్కోపులు 2014లో వృషభ రాశి దిక్కున హెచ్‌ఎల్ టౌరి అనే పసి నక్షత్రం చుట్టూ సరిగ్గా ఇలాంటి చక్రాన్ని, అందులో వలయాలతో సహా, ఫోటో తీశాయి.

గ్రహాలన్నీ ఒకే చక్రంలోంచి పుట్టాయి కనుకే ఒకే వైపు తిరుగుతున్నాయి, దాదాపు ఒకే తలంలో ఉన్నాయి. బుధుడి కక్ష్య వంపు 7 డిగ్రీలు, మిగతావాటిది అంతకంటే తక్కువే. ఏ గ్రహం ఎప్పుడు చూసినా ఆ పన్నెండు రాశుల బాటలోనే కనిపించడానికి కారణం ఇదే. జాతకాల సంగతి నన్ను అడగకండి, అది వేరే గొడవ. ఎదురు తిరిగేవి లేకపోలేదు, హేలీ తోకచుక్క అలాంటిదే, కానీ అది గ్రహం కాదు.

ఇదంతా చెప్పడం కన్నా గురుగ్రహాన్ని చూపించడం మేలు. చిన్న టెలిస్కోపు దొరికితే సరే, లేకపోతే మామూలు బైనాక్యులర్‌ను డాబా పిట్టగోడ మీద ఆనించండి, చేతుల్లో ఉంటే వణుకుతుంది. గ్రహానికి అటూ ఇటూ చిన్న చుక్కలు దాదాపు ఒకే గీత మీద కనిపిస్తాయి. అవి దాని నాలుగు పెద్ద ఉపగ్రహాలు. గురుగ్రహం చుట్టూ ఏర్పడిన మరో చిన్న చక్రంలోంచి వచ్చాయి కనుకే ఆ వరుస. టెలిస్కోపులో నాలుగూ తెలుస్తాయి, బైనాక్యులర్‌లో రెండో మూడో. వాటిలో ఒకటైన అయో ఒక చుట్టు తిరగడానికి 42 గంటలే పడుతుంది, కనుక ఈ రోజు ఒక చివర కనిపిస్తే రేపు అదే వేళకు అవతలి పక్కన ఉంటుంది. రోజూ చుక్కల బొమ్మ గీసి తేదీ, సమయం వేయమనండి. పగలు మాత్రం ఆ బైనాక్యులర్‌ను బీరువాలో పెట్టి తాళం వేయండి, దానితో సూర్యుణ్ని చూస్తే కళ్లు పోతాయి.