పెరటి పాలీహౌస్‌కు వేసవి గండం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

టమాటా పూత రాలిపోతోందనీ, ప్లాస్టిక్ షీటు కప్పి కట్టుకున్న నీ పాలీహౌస్‌కు పెద్ద ఫ్యాను కొనమంటావా అనీ రాశావు. ఇప్పుడే కొనకు. కర్నూలు ఎండల్లో ఉత్త ఫ్యాను బయటి వడగాలినే లోపలికి తోస్తుంది. ఆ ప్లాస్టిక్ కప్పు చలిదేశాలవాళ్లు వెచ్చదనం కోసం కట్టుకున్నది. మనకు దానితో పని వానాకాలంలో, చలికాలంలో. ఉగాది నుంచి తొలకరి దాకా పక్క షీట్లు పైకి చుట్టేసి, పురుగు రాకుండా వల మాత్రం ఉంచు. వేడిగాలి పైకే పోతుంది కనుక పైకప్పు నడికొప్పు పొడవునా సందు వదిలించు. గాలి ఆడే దారులన్నీ కలిపి నేల వైశాల్యంలో ఐదో వంతుకు తగ్గకూడదు.

షేడ్‌నెట్, అదే నీడవల, పాలీహౌస్ లోపల కట్టించావట! ఎవరిచ్చారమ్మా ఆ సలహా? ఎండ షీటు దాటి వచ్చాక దాన్ని ఆపి ఏం లాభం? నెట్ తానే కాగి, ఆ వేడిని మొక్కల నెత్తిన దించుతుంది. దాన్ని విప్పి బయట, షీటుకు మూరెడు ఎత్తున, మధ్య గాలి ఆడేలా కట్టించు. 50 శాతం నీడనిచ్చే రకం చాలు. అంతకు మించితే మొక్క వెలుతురుకు మొహం వాచి సన్నగా సాగుతుంది.

మీది పొడిగాలి, అది నీ అదృష్టం. గాలి వచ్చే వైపు వట్టివేళ్ల తడికలు గానీ గోనెపట్టాలు గానీ వేలాడదీసి మధ్యాహ్నం తడుపుతూ ఉండు. లోపల తేడా తెలుస్తుంది. మచిలీపట్నం ఉక్కపోతలో ఇదే పని చేస్తే చల్లదనం రాకపోగా ఆకులకు తెగుళ్లు పడతాయి.

డ్రిప్ పైపు నల్లది కదా, మిట్టమధ్యాహ్నం కుళాయి తిప్పి మొదటి చెంబెడు నీళ్లు చేతి మీద పోసుకుని చూడు. చెయ్యి చురుక్కుమంటుంది. వేళ్లకు పోసేది ఆ నీళ్లే! డాబా మీది ట్యాంకు సంగతీ అంతే. తెల్లవారుజామునే తడిపెయ్యి. మొదళ్ల చుట్టూ వేరుశనగ పొట్టు మందంగా పరిస్తే తడి ఆరదు.

పూత నిలవడానికని మందులు కొట్టకు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి చెడిపోతుంది, పిందె కట్టదు. ఈ రెండు నెలలూ బెండ, గోరుచిక్కుడు, తోటకూర వేసుకో. టమాటా నారు వానలు పడ్డాక పోసుకోవచ్చు. వచ్చే ఏడాదికి పడమటి వైపు బీరపాదు పందిరి ఎక్కించావంటే సాయంత్రపు ఎండ దెబ్బ సగం తగ్గుతుంది.

థర్మామీటరు ఎండ తగలని చోట, మొక్కల ఎత్తులో కట్టు. మధ్యాహ్నం రెండింటికి లోపల ఎంతుందో, బయట నీడలో ఎంతుందో చూసి రాయి.

మీ మామయ్య