వెక్కిరింతను చూసి ముచ్చటపడితే ఎలా?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి ఇక్కడే బీకాం రెండో సంవత్సరం. సాయంత్రాలు షాపు జీఎస్టీ లెక్కలు తనే చూస్తుంది. లండన్ బ్యాంకులో చేరిన పెద్దింటి పిల్లల మీద తీసిన ఇంగ్లిష్ సిరీస్ చూసి, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకరే (కంపెనీల కొనుగోళ్ళు, షేర్ల అమ్మకాలు కుదిర్చే ఉద్యోగం) అవుతానంటోంది. ఆ తాగుళ్ళూ తిరుగుళ్ళూ చూసి వాళ్ళ అమ్మకు భయం. నేనైతే ఒంగోలులో ప్లాటు అమ్మి లండన్‌లో ఎంఎస్సీ ఫైనాన్స్ చదివిద్దామనుకుంటున్నాను. ఇంగ్లిష్ యాస మారాలని ఒక కోర్సులో కూడా చేర్చాను. లండన్ మంచిదా, ఇక్కడే సీఏ మంచిదా? పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చి చెబుతాను గానీ, ముందు ఆ యాస కోర్సు సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది అదే. పెద్దింటి పిల్లల మధ్య మా పిల్ల చిన్నబోతుందేమో అన్నదే మీ అసలు భయం. ఏటా ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, ఆ భయం మాత్రం అదే. ఏ మేస్త్రీ ఎన్నాళ్ళకు బాకీ తీరుస్తాడో, ఏ డీలరు ఎన్ని రోజులు అరువిస్తాడో తెలిసిన పిల్ల అండీ మీ అమ్మాయి. అలా రోజువారీ వ్యాపారంలో తిరిగే డబ్బునే వర్కింగ్ క్యాపిటల్ అంటారు. ఆ బ్యాంకుల్లో చేరిన కుర్రాళ్ళు దీన్ని ఎక్సెల్‌లో నేర్చుకుంటారు, మీ అమ్మాయి మీ గల్లాపెట్టె దగ్గర నేర్చుకుంది. అలాంటి పిల్లకు ‘నీ మాటతీరు బాగాలేదు’ అని మొదట చెప్పింది బ్యాంకు వాళ్ళు కాదు, మీరే.

ఇక ఆ సిరీస్. అది వ్యంగ్యం. ఇలాంటి కథల్లో కుర్రాళ్ళు ఇంటిపేరు చూపించి లోపలికొస్తారు, ఊళ్ళోవాళ్ళ డబ్బుతో ఆటలాడతారు, బోల్తా పడితే ఇంటికెళ్ళి నాన్న తోటలో కూర్చుంటారు. వాళ్ళు పడ్డా కింద పరుపు ఉంటుంది. నవ్వాల్సింది అక్కడే. మీ అమ్మాయి కింద ఉన్న పరుపు ఒంగోలు ప్లాటు, దాన్నేమో మీరు ముందే అమ్మేస్తానంటున్నారు.

వెక్కిరింతను ఆహ్వానపత్రికగా చదువుకోవడం మీ అమ్మాయితో మొదలు కాలేదు లెండి. సాలమన్ బ్రదర్స్ అనే వాల్‌స్ట్రీట్ సంస్థలో బాండ్లు అమ్మిన మైకేల్ లూయిస్, ఆ రోజుల గురించి 1989లో ‘లయర్స్ పోకర్’ రాశాడు. చదివిన పిల్లలు ఆ ఉద్యోగం వైపే చూడరనుకున్నాడు. తీరా కాలేజీ కుర్రాళ్ళ నుంచి ఆయనకు వచ్చిన ఉత్తరాలేమిటంటే, వాల్‌స్ట్రీట్‌లో చేరడానికి ఇంకేమైనా కిటుకులుంటే చెప్పమని!

వాళ్ళ అమ్మగారికి ఒక మాట చెప్పండి. తాగుడు గురించి టెన్షన్ వద్దు, నిద్ర గురించి పడండి. 2021లో గోల్డ్‌మన్ శాక్స్ అనే అమెరికా ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో 13 మంది మొదటి ఏడాది అనలిస్టులు (కొత్తగా చేరిన జూనియర్లు) తమలో తాము సర్వే చేసుకుంటే, వారానికి సగటున 95 గంటల పని, రాత్రికి 5 గంటల నిద్ర అని తేలింది. 2024లో జేపీ మోర్గాన్ అనే మరో బ్యాంకు జూనియర్లకు వారానికి 80 గంటల హద్దు పెట్టింది. దయతలిచి పెట్టిన హద్దే 80 అయితే, అంతకుముందు సంగతి మీరే ఊహించుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒక నెల్లూరు అబ్బాయి రెండేళ్ళు అలాంటి పని చేశాడు. రాత్రి రెండింటికి స్లైడ్ మీద పన్నెండు కంపెనీల లోగోలు ఒకే వరుసలోకి వచ్చాయా లేదా అని చూసుకునేవాడు. జీతం మాత్రం బాగానే ఇచ్చారు, అది కూడా చెప్పాలి.

ఇంకొక మాట, మన బెంగళూరు గురించి. గోల్డ్‌మన్ శాక్స్ 2004లోనే బెంగళూరులో ఆఫీసు తెరిచింది, మిగతా బ్యాంకులవీ పెద్ద ఆఫీసులే ఉన్నాయి. కానీ ఇక్కడ ఎక్కువగా జరిగేది టెక్నాలజీ, రిస్క్, ఆపరేషన్స్, విదేశీ టీములకు సాయంగా లెక్కలు కట్టే పని. కంపెనీలను కొనిపించే, ఐపీఓలు (మొదటిసారి జనానికి షేర్లు అమ్మడం) తెప్పించే టీములు ప్రధానంగా ముంబైలో ఉంటాయి. ఇక్కడివి మంచి ఉద్యోగాలే. సిరీస్‌లో చూపించిన ఉద్యోగాలు మాత్రం కావు. అన్నట్టు, ఆ బ్యాంకుల్లో వైస్ ప్రెసిడెంట్ అంటే మధ్యమెట్టు హోదా. పెళ్ళి సంబంధాల్లో మోసపోకండి.

సరే, పోలిక. లండన్‌లో ఎంఎస్సీ సాధారణంగా ఒక్క ఏడాది. క్లాసులు మొదలయ్యేసరికే బ్యాంకుల అప్లికేషన్లు తెరుచుకుని ఉంటాయి. ఊపిరి తీసుకునే లోపు గడువు అయిపోతుంది, తర్వాత వీసా లెక్క. అప్పు చేసో ఆస్తి అమ్మో వెళ్ళినవాళ్ళకు అది జూదంలా ఉంటుంది. సీఏ అయితే తప్పినా మీ ఇంట్లోనే ఉండి మళ్ళీ రాసుకోవచ్చు. 2023లో ఆర్టికల్‌షిప్‌ను, అంటే సీఏ దగ్గర చేయాల్సిన శిక్షణను, మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గించారు కూడా. కంపెనీల కొనుగోళ్ళకు ఆడిటింగ్ చేసే సంస్థలో ఆ రెండేళ్ళు దొరికితే, డీల్స్ వైపు దారి అక్కడి నుంచీ ఉంది. పరీక్షల వివరాలు మీ అమ్మాయికి నాకంటే బాగా తెలుసు, వదిలేస్తున్నాను.

మీ బంధువులకు ‘లండన్ బ్యాంకు’ అని అప్పుడే చెప్పేసి ఉంటారని నా అనుమానం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! చెప్పి ఉంటే ఇక ఆపండి. రేపు ఆ పిల్ల మనసు మార్చుకోవాలన్నా మీ మాట పోతుందని మార్చుకోలేదు.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. కంపెనీలు షేర్లు అమ్మే ముందు షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీకి ఇచ్చే డీఆర్‌హెచ్‌పీ అనే పత్రం సెబీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వందల పేజీలు ఉంటుంది. ఏదైనా సిమెంటు కంపెనీదో, పైపుల కంపెనీదో తీసుకుని రిస్క్ ఫ్యాక్టర్స్ (కంపెనీకి ఉన్న ముప్పులు) భాగం మొత్తం చదివి, మీ షాపు అనుభవంతో అందులో ఎక్కడ ఏం దాచిపెట్టారో ఒక పేజీ రాయమనండి. బ్యాంకర్లు రాత్రుళ్ళు కూర్చుని తయారుచేసే పత్రాల్లో అదీ ఒకటి. విసుగొస్తే తనకే తెలిసిపోతుంది. విసుగు రాకపోతే ఆ పేజీ నాకు పంపండి, అప్పుడు లండన్ గురించి మళ్ళీ మాట్లాడుకుందాం. ఈలోగా ప్లాటు జోలికి పోకండి. యాస కోర్సు వాళ్ళు ఫీజు వెనక్కిస్తారేమో అడగండి.