వంశధార నీళ్లలోంచి రంగు తీయడం గురించి బుజ్జికి
బరంపురం

చి. బుజ్జికి ఆశీస్సులు.

గుణుపురం కాలేజీ ప్రాజెక్టులో నీళ్లలోంచి రంగు లాగడానికి హరిత ద్రావణి, అంటే పర్యావరణానికి హాని తక్కువ చేసే ద్రావణి, వాడతానన్నావు, సంతోషం. కోలిన్ క్లోరైడ్, యూరియా కలిపి చేసేదాని జోలికి మాత్రం వెళ్లకమ్మా. అది నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది, మళ్లీ వేరు చేయలేవు. నీకు కావలసింది నీళ్ల మీద తేలేది. అమృతధార చూశావుగా? పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు, కర్పూరం విడివిడిగా గట్టివే, ఒక సీసాలో వేస్తే కరిగి నీరవుతాయి. సూత్రం అదే. నీళ్లతో కలవని ఇలాంటి ద్రావణులు పరిశోధన పత్రాల్లో కనబడింది 2015 నుంచి.

వాము పువ్వు, అంటే థైమాల్, నువ్వు వేయొద్దు. అది లీటరు నీటిలో దాదాపు గ్రాము కరుగుతుంది, పైగా అదీ ఫినాల్ జాతిదే. రేపు ఫినాల్ పరీక్ష చేస్తే నీ ద్రావణే కాలుష్యంగా కనబడుతుంది. మెంథాల్ (పిప్పరమెంటు పువ్వు) 31.2 గ్రా., డెకనోయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం 17.2 గ్రా. తూచుకో, మోల్ లెక్కలో, అంటే అణువుల సంఖ్యలో, 2:1. ఆమ్లం సీసా మీద కాప్రిక్ అని ఉండొచ్చు, మేకల కొట్టం వాసన వేస్తుంది. బిరడా బిగించి 60 డిగ్రీల నీటి తొట్టిలో కలుపుతూ ఉంచు. అరగంటలో తేటపడుతుంది. మూత లేకపోతే మెంథాల్ ఎగిరిపోయి పాళ్లు మారిపోతాయి. చలికి గడ్డకడితే గోరువెచ్చని నీటిలో పెడితే చాలు.

పరీక్షకి మలాకైట్ గ్రీన్ అనే అద్దకం రంగు లీటరు నీటికి 10 మి.గ్రా. తీసుకో, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు: పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగితే ఈ రంగు తనంతట తానే వెలిసిపోతుంది. రంగు పోయిందని మురిసిపోతారు, నిజానికి అది నీళ్లలోనే రంగులేని రూపంలో ఉంటుంది. అందుకే సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 4.5కి తెచ్చి, అదే రంగు నీటితో ద్రావణి వేయని సీసా ఒకటి పక్కన పెట్టుకో. అది కూడా వెలిస్తే నీ ఫలితం చెల్లదు. బోరు నీరు నేరుగా వాడితే అందులోని కాల్షియం డెకనోయిక్ ఆమ్లాన్ని సబ్బు చేసి, రెండు పొరల మధ్య తెల్లటి తెట్టు కట్టిస్తుంది. దానికీ మందు ఆ పీహెచ్చే.

50 మి.లీ. నీటికి 5 మి.లీ. ద్రావణి వేసి, సెపరేటింగ్ ఫన్నెల్‌లో (పొరలు వేరు చేసే, కింద కుళాయి ఉన్న గాజు గరాటు) అయిదు నిమిషాలు కలుపు. గట్టిగా కుదిపితే పాలలా తయారవుతుంది, నెమ్మదిగా తిప్పు. అరగంట నిలిపితే పైపొర ఆకుపచ్చగా తేలుతుంది. కింది నీరు మబ్బుగా ఉంటే సెంట్రిఫ్యూజ్‌లో 3000 ఆర్‌పీఎం మీద పది నిమిషాలు తిప్పు. ఆ మబ్బుతోనే, మిగిలిన రంగు కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 617 నానోమీటర్ల దగ్గర చదివితే చుక్కల వల్ల రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది.

నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే అది ఈ ద్రావణికి లొంగదు, ఆశపడకు. వేరు చేసిన నీటిలో మెంథాల్ కొద్దిగా మిగిలే ఉంటుంది కాబట్టి తాగడానికి పనికిరాదు. వాడిన ద్రావణిని సింకులో పోయకు. చీటీ అంటించిన సీసాలో దాచి ల్యాబ్ వ్యర్థాలవాళ్లకి ఇవ్వు.

ఇట్లు,
పెదనాన్న