బొటనవేలి మొదట్లో కీలు అరుగుదలకు కీహోల్ ఆపరేషన్: ఎన్నాళ్లకు పనిలో పడవచ్చు?

మీ అమ్మగారికి బొటనవేలి మొదట్లో కీలు అరిగిందని, కీహోల్ ఆపరేషన్ చేయిస్తే వారంలోపే విత్తనానికి చెనక్కాయలు ఒలవగలరా అని అడిగారు. మాది అనంతపురం. ఇదే ఆపరేషన్ నేను కుడిచేతికి బెంగళూరులో చేయించుకున్నాను. వారంలో కుదరదండీ; ఈ ఏటి ఒలుపు మరొకరికి అప్పగించక తప్పదు.

మణికట్టు దగ్గర ట్రపీజియం అనే చిన్న ఎముక మీద బొటనవేలి ఎముక జీను మీద రౌతులా కూర్చుని ఉంటుంది. వేలికొసలతో కాయను చిట్లించేటప్పుడు మనం పెట్టే బలం ఆ కీలు దగ్గరికి వచ్చేసరికి 12 రెట్ల దాకా పెరుగుతుంది కనుకనే, ముట్లుడిగిన ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే ఈ అరుగుదల ఒలుపు పనిలో అంతగా బాధిస్తుంది.

నాకు చేతి వరకే మత్తు ఇచ్చి, రెండు చిన్న గాట్లు పెట్టి, ఒకదానిలో సన్నని కెమెరా గొట్టాన్ని, రెండోదానిలో గీకే పరికరాన్ని పంపి, ట్రపీజియం పైభాగాన్ని కొన్ని మిల్లీమీటర్ల మేర చెక్కేశారు. గాట్లు త్వరగానే మానాయి. అయితే చెక్కిన చోట ఏర్పడిన ఖాళీ మెత్తని కండతో పూడి గట్టిపడేదాకా వేలు కదలకూడదు కాబట్టి వారాల తరబడి స్ప్లింటులో ఉంచారు. అది తీసిన రోజున పాలప్యాకెట్టు మూల పట్టుకుని చించబోతే వేలు జారిపోయింది, నొప్పి వల్ల కాదు, పట్టు లేక. పట్టు పూర్తిగా రావడానికి సాధారణంగా నెలలు పడుతుంది. బొటనవేలి వెనుక కొంతకాలం తిమ్మిరి కూడా ఉండింది. స్పర్శ తెలిపే నరం ఆ గాట్ల పక్కనుంచే పోతుంది.

డాక్టరుగారిని ముఖ్యంగా ఒకటి అడగండి: ఎక్స్‌రేలో ట్రపీజియానికి మణికట్టు వైపున్న కీలు కూడా అరిగిందా? అరిగి ఉంటే పైభాగం ఒక్కటే చెక్కడం చాలకపోవచ్చు, ఎముక మొత్తం తీయాలనవచ్చు. కోత పెద్దదని దానికి వెనుకాడవద్దు. 1949 నుంచీ తెలిసిన ఆ పద్ధతి నేటికీ నమ్మదగినదే. స్ప్లింటు, స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇంకా వాడి చూడకపోతే మాత్రం, నా ఉద్దేశంలో, ఆపరేషన్‌కు తొందర లేదు. సంగటి కెలకడం, రొట్టె తట్టడం ఎప్పుడు మొదలుపెట్టాలో ఫిజియోథెరపిస్టుతో ముందే మాట్లాడుకుని, విత్తు పనులు లేని నెలల్లో తేదీ పెట్టించుకోండి.