నాణెమో, బటన్ సెల్లో తేలకుండా ఆముదం పట్టకండి

ప్రశ్న: మా బాబుకు రెండున్నరేళ్లు. నిన్న సాయంత్రం రూపాయి బిళ్ల మింగాడు. మేమెవరం చూడలేదు, గుండ్రటిదేదో నోట్లో వేసుకున్నాడని పెద్దపాప చెప్పింది. కారు తాళం రిమోట్ కూడా అక్కడే మూత ఊడి పడి ఉంది. మా అత్తగారు అరటిపండు తినిపించి, ఆముదం పట్టారు. హుషారుగానే ఉన్నాడు, పాలు తాగుతున్నాడు కానీ అన్నం ముద్ద పెడితే ఉమ్మేస్తున్నాడు. బిళ్ల ఎన్ని రోజులకు బయటికి వస్తుంది? మళ్లీ ఆముదం పట్టవచ్చా?
– ఓ తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, మీ ప్రశ్న చూడగానే పోర్టల్ వారితో మీకు ఫోన్ చేయించాను. బాబును వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. నిలోఫర్ అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే, సాయంత్రం ఓపీ దాకా ఆగవద్దు.

మీరు ఆముదం గురించి అడిగారు. నన్ను కలవరపెట్టింది ఆ రిమోట్, ఉమ్మేస్తున్న అన్నం ముద్ద. రిమోట్‌లో సెల్ ఉందో లేదో మీరు రాయలేదు. అందులో వాడే బటన్ సెల్ చాలావరకు 20 మిల్లీమీటర్లుంటుంది, అంటే సుమారు రూపాయి బిళ్లంత. అది అన్నవాహికలో ఇరుక్కుంటే తడి తగిలి కరెంటు పారుతుంది. ఆ చోట ఘాటైన క్షారం పుట్టి, రెండు గంటల్లోనే లోపలి పొరను కాల్చేయగలదు. రిమోట్‌కు పనికిరాని పాత సెల్ అయినా ఈ ప్రమాదం ఉంటుంది. పాలు దిగి ముద్ద దిగకపోవడం మారాం కావచ్చు, అడ్డం కావచ్చు. చూడకుండా నేను చెప్పలేను.

గొంతు నుంచి పొత్తికడుపు దాకా ఎదురుగా, పక్కగా ఎక్స్‌రేలు తీస్తారు. అంచు వెంట జంట వలయం కనిపిస్తే బటన్ సెల్‌గానే భావించాలి. అది అన్నవాహికలో ఉంటే ఎండోస్కోపీతో అప్పటికప్పుడు తీసేయాలి. నాణెమై జీర్ణాశయంలోకి దిగి ఉంటే, బాబుకు ఇబ్బంది లేనంతవరకు వేచి చూడవచ్చు. సాధారణంగా దానంతటదే మలంలో వచ్చేస్తుంది. కొన్ని రోజులు పట్టవచ్చు, కొందరిలో వారాలు కూడా. అన్నవాహికలోనే ఆగితే నాణేన్ని కూడా 24 గంటల లోపే తీయాలి.

ఆముదం నాణేన్ని తోయదు, అరటిపండు ఇరుక్కున్నదాన్ని దించదు. వాంతి చేయించడం, నోట్లో వేలు పెట్టి తీయబోవడం మరీ ప్రమాదం. అత్తగారిని తప్పుపట్టను, ప్రేమతోనే చేశారు. కానీ ఒక రాత్రంతా పోయింది. ఎక్స్‌రేకు పట్టేది కొన్ని నిమిషాలే, అది నిన్ననే తీయించాల్సింది. సెల్ మింగినప్పుడు తేనె ఇవ్వమని మీరు ఎక్కడైనా చదివి ఉండవచ్చు. ఏడాది దాటిన పిల్లలకు, అదీ 12 గంటల లోపు, ఆసుపత్రికి వెళ్లే దారిలో మాత్రమే అది. మీకు ఆ సమయం దాటిపోయింది. ఇప్పుడు పాలతో సహా నోటి ద్వారా ఏమీ ఇవ్వకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

వెళ్లేటప్పుడు ఆ రిమోట్‌ను, అలాంటి సెల్ ఇంకొకటి ఉంటే దాన్నీ పట్టుకెళ్లండి. ఆముదం పట్టిన సంగతి దాచకుండా చెప్పండి. సెల్ తీసేశాక కూడా కొన్ని వారాల పాటు నల్లటి విరేచనం, నెత్తుటి వాంతి, జ్వరం, మింగలేకపోవడం వీటిలో ఏది కనిపించినా ఆ గంటలోనే మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలి.