29 మందితో ఫుట్‌బాల్ ఆడించకూడదు

"అమెరికాలో చిన్న కాలేజీల ఫుట్‌బాల్ జట్లకు ఆటగాళ్లు ఎందుకు దొరకడం లేదు?" అని అడిగారు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని ఒకరినొకరు ఢీకొంటూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. మా అబ్బాయి ఒహాయోలో అలాంటి ఒక కాలేజీలో రెండేళ్లుగా ఆడుతున్నాడు. నేను కళ్లారా చూసింది చెబుతాను.

పోయిన అక్టోబర్‌లో ఒక శనివారం మ్యాచ్‌కు వెళ్లాం. అవతలి జట్టు వార్మప్‌కు దిగితే సగం మైదానం నిండిపోయింది. తొంభై మందికి తక్కువ ఉండరు. మనవాళ్లను లెక్కపెట్టాను, 29. మావాడు అఫెన్స్‌లో, అంటే బంతి మన దగ్గరున్నప్పుడు ఆడేవాళ్లలో, గార్డ్. ముందు వరసలో నిలబడి అవతలివాళ్లను అడ్డుకోవడం వాడి పని. బంతి అవతలివాళ్ల చేతికి వెళ్లగానే బయటికొచ్చి నీళ్లు తాగి, కాస్త ఊపిరి తీసుకోవాలి. రాలేదు. బంతి అవతలివాళ్ల దగ్గరున్నప్పుడు దిగే డిఫెన్స్‌లో, ముందు వరసలో ఆడే టాకిల్ కూడా వాడే. మూడో క్వార్టర్‌లో పిక్కలు పట్టేసి కూలబడ్డాడు. ట్రైనర్ కాలు నొక్కుతుంటే కోచ్ బెంచి వైపు చూశాడు. అక్కడ ఆ బరువున్న పిల్లాడు ఒక్కడూ లేడు. ఆట రెండు విడతలు (ప్లేలు) సాగగానే మావాడే లేచి మళ్లీ లోపలికి నడిచాడు. మా ఆవిడ చూడలేక వెళ్లి కారులో కూర్చుంది.

ఓటమి గురించి నాకు దిగులు లేదు. బాగా అలసిపోయినవాడు తల దించేసి ఢీకొంటాడు. మెడకు దెబ్బ తగిలేది అలాగే. గుంటూరులో మా అన్నయ్య "పదకొండు మందే కదరా కావాల్సింది" అంటాడు. అఫెన్స్‌కు పదకొండు, డిఫెన్స్‌కు వేరే పదకొండు, వాళ్లలో ఎవరికి దెబ్బ తగిలినా దిగడానికి ఇంకొకడు ఉండాలని ఎన్నిసార్లు చెప్పానో. ప్రాక్టీసులో ఎదురు నిలబడే మనుషులు లేక పెద్ద ప్లాస్టిక్ చెత్త డబ్బాలు పెడుతున్నారని మావాడు చెప్పినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇవి డివిజన్ త్రీ కాలేజీలు, అంటే అమెరికా కాలేజీ క్రీడల్లో మూడో శ్రేణివి. ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వకూడదన్నది అక్కడ నియమం. అందుకే మధ్యలో మానేసినా పిల్లాడికి డబ్బు పరంగా పోయేదేమీ లేదు. ల్యాబ్ క్లాసు అడ్డొచ్చిందనో, మోకాలు నొప్పి అనో సెప్టెంబర్‌లోనే కొందరు వెళ్లిపోతారు. వాళ్లను నేను తప్పుపట్టను. నా కోపమంతా అడ్మిషన్ల మీద. మగపిల్లలు చేరితే ఫీజులు వస్తాయి కాబట్టి జట్టును నడుపుతారు. కోచ్ ఇంటికి ఫోన్ చేసి ఎంతో ఆప్యాయంగా మాట్లాడతాడు, జట్టులో చివరికి ఎంతమంది మిగులుతున్నారో మాత్రం చెప్పడు.

ఆపేస్తే పరువు పోతుందనుకోవడం తప్పు. 2019లో అయోవాలోని గ్రినెల్ కాలేజీలో మూడు మ్యాచ్‌లు అయ్యేసరికి ఆడగలిగినవాళ్లు 28 మందే మిగిలారు. ఆటగాళ్లే భయం బయటపెట్టారు, కాలేజీ ఆ సీజన్‌ను అక్కడితో ఆపేసింది. 2021లో మళ్లీ మైదానంలోకి వచ్చారు. ఆ పిల్లలది నిజమైన ధైర్యం అంటాను. పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కాలేజీ అయితే 2000లోనే ఫుట్‌బాల్‌ను పూర్తిగా తీసేసింది. చిన్న కాలేజీలో ఒక్క ఆటకే అన్ని సీట్లు పోతే ఎలా అన్నది వాళ్ల లెక్క. నా ఉద్దేశంలో నలభై మంది లేని జట్టు ఆ వారం మైదానంలోకి దిగకూడదు.

మీ పిల్లాడిని చేర్చాలనుకుంటే సీజన్ మొదట్లో, ఆగస్టులో ఉండే ఆటగాళ్ల జాబితా చూసి మోసపోకండి. పోయిన నవంబర్‌లో ఆఖరి మ్యాచ్‌కు ఎంతమంది డ్రెస్ వేసుకున్నారో కోచ్‌ను సూటిగా అడగండి. మా జట్టులో ఆ రోజు 26 మంది ఉన్నారు.